మూడు కొలబద్దల లోయ

అనగనగా ఏడు సముద్రాల అవతల ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి రాజు లేడు. రాజు లేని రాజ్యమేమిటని ముక్కున వేలేసుకోకండి పిల్లలూ. ఒకప్పుడు ఉండేవాడు. సముద్రానికి ఆవలి గట్టున కూర్చుని పన్నులు అడగడం తప్ప ఇంకేమీ చేసేవాడు కాదు. జనం విసిగిపోయి, ఎదురు తిరిగి, ఏళ్ళ తరబడి పోరాడి, ఆయన సైన్యాన్ని ఓడలెక్కించి పంపేశారు. ఆ కొత్త దేశం పేరే అమెరికా. అప్పుడప్పుడే అది తన కాళ్ళ మీద తాను నిలబడడం నేర్చుకుంటోంది.

ఆ దేశంలో ఒక లోయ, ఆ లోయలో మూడు ఊళ్ళు. ఒకటి కొండ మీద, ఒకటి ఏటి ఒడ్డున, ఒకటి అడవి అంచున. రాజు ఏలినన్నాళ్ళూ మూడు ఊళ్ళకూ కలిపి ఒకటే కొలబద్ద. ఇత్తడిది, మీద రాజముద్ర వేసినది. గుమ్మం కొలిచినా, గుడ్డ కొలిచినా దానితోనే కొలవాలి. యుద్ధం గెలిచామన్న కబురు వచ్చిన రోజున జనం డోళ్ళు వాయించుకుంటూ దాన్ని ఊరేగించి తీసుకుపోయి ఏట్లో పారేశారు.

"రాజే వద్దనుకున్నాక రాజుగారి బద్ద మనకెందుకు?" అన్నారు.

మాట బాగానే ఉంది. మరి రేపు గుమ్మం కొలవాలంటే ఎలాగ అన్నది ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. తట్టిన తరువాత ఏ ఊరికి ఆ ఊరు ఒక బద్ద చేసుకుంది.

కొండ ఊరి వాళ్ళు తమ కెప్టెన్ ఎలీహు పాదాన్ని కొలిచి, ఒక అడుగంటే ఇదే అన్నారు. ఆయన తాటిచెట్టంత మనిషి. యుద్ధంలో అందరికన్నా ముందు నడిచిన పాదమని వాళ్ళ గొప్ప. ఏటి ఊరి వాళ్ళు పడవల సరంగు జబులోను పాదాన్ని కొలిచారు. సైన్యాన్ని రాత్రికి రాత్రి ఏరు దాటించిన పాదమని వాళ్ళ గొప్ప. అడవి ఊరి వాళ్ళు తమ పెద్దాయన అమోసు పాదాన్ని కొలిచారు. అమోసు పొట్టివాడు, ఆయన పాదమూ పొట్టిదే. అయితేనేం, ఆ అడవిలో మొదటి గుడిసె వేసిన పాదం అది. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉన్నంతకాలం ఏ చిక్కూ రాలేదు.

ఆ మూడు ఊళ్ళకూ నడుమ, మూడు దారులూ కలిసేచోట, కెజీయా అనే ఆమె ఉండేది. ఆమె భర్త యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. మిగిలినవి ఇద్దరు పసిబిడ్డలు, నాలుగు ఆవులు, ఒక పాత కొట్టం. ఆవులు పాలిస్తే ఆమె వెన్న తీసి మూడు ఊళ్ళలోనూ అమ్ముకునేది. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతుకుతున్నానన్నది ఆమెకున్న ఒకే ఒక్క ధైర్యం.

ఆకులు రాలే కాలం చివర ఒక సాయంత్రం కొట్టం మీద పిడుగు పడింది. కెజీయా మంటల్లోకి దూరి పలుపులు కోసి ఆవులను బయటికి తోలింది. కొట్టం మాత్రం బూడిదైపోయింది. ఆ దేశపు చలికాలం మన చలికాలం లాంటిది కాదు. కిటికీల ఎత్తున మంచు పడుతుంది. పైకప్పు లేకపోతే ఆవులు బతకవు. ఆవులు పోతే కెజీయా బిడ్డలను వెంటబెట్టుకుని ఏ పట్నానికో పోయి, ఎవరి ఇంట్లోనో పనిమనిషిగా చేరవలసిందే. బూడిద ముందు నిలబడి ఆమె ఆ సంగతే తలుచుకుంది, ఏడ్చింది, మళ్ళీ కళ్ళు తుడుచుకుని ఆవులకు నీళ్ళు పెట్టింది.

ఆ లోయలో ఒక మంచి ఆచారం ఉంది. ఎవరి కొట్టం కాలినా చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసి నిలబెట్టి పోతారు. మగవాళ్ళు దూలాలు ఎత్తుతారు, ఆడవాళ్ళు వంటలు చేస్తారు. కూలి అడిగేవాడు ఉండడు.

చిక్కల్లా ముందు జరగవలసిన పనితోనే. దూలం చివర చెక్కిన నాలుక స్తంభానికి తొలిచిన తొర్రలో బిగుతుగా ఇమడాలి. అందుకని కొయ్యనంతా ఒకచోట పరిచి, దేనికి ఏది జతో చూసుకుంటూ చెక్కుకోవాలి. దానికి వారాలు పడుతుంది. మంచు చూస్తే కొండ వెనకాలే ఉంది.

అప్పుడు గిద్యోను అనే ముసలి వడ్రంగి ఒక కొత్త ఉపాయం చెప్పాడు.

"కొలతలు నేను చెబుతాను. ఏ ఊరి కొయ్యను ఆ ఊళ్ళోనే కోసి, చెక్కి, సిద్ధం చేసుకోండి. అందరూ ఒకే రోజున తీసుకువచ్చి ఇక్కడ కలిపేద్దాం" అన్నాడు.

జనం నవ్వారు. "చేతులు ఒకడూ మెడ ఒకడూ కుడితే ఆ చొక్కా ఒంటికి పడుతుందా తాతా?" అని ఆటపట్టించారు.

"కొలత ఒకటే అయితే ఎందుకు పడదు?" అన్నాడు గిద్యోను.

అనుకున్న రోజు వచ్చింది. మూడు దారుల వెంట ఎద్దుబండ్లు దిగాయి. కొండ ఊరి వాళ్ళు స్తంభాలు తెచ్చారు. ఏటి ఊరి వాళ్ళు దూలాలు తెచ్చారు. అడవి ఊరి వాళ్ళు వాసాలూ, మిగిలిన స్తంభాలూ తెచ్చారు. కెజీయా పొయ్యి మీద పెద్ద కాగు ఎక్కించింది. చాలా రోజుల తరువాత ఆమె ముఖంలో వెలుగు వచ్చింది.

మొదటి స్తంభం నిలబెట్టారు. దాని పక్కన రెండోది నిలబెడితే అది దీని భుజం దాకా రాలేదు. దూలం ఎత్తి చూస్తే నాలుక ఒకచోట, తొర్ర ఒకచోట. తిప్పి చూశారు, తలకిందులు చేసి చూశారు. ఒక్కటంటే ఒక్కటీ కలవలేదు.

ఇంకేముంది, మాటా మాటా పెరిగింది. మీకు కొలవడం రాదంటే మీకే రాదనుకున్నారు. గిద్యోను ఒక దుంగ మీద కూలబడిపోయాడు.

"ఎన్ని అడుగులో చెప్పాను గాని ఏ బద్దతోనో చెప్పలేదు. తప్పు నాదే. పొట్టివాటికి సరిపడా పొడవువి కోసేద్దాం, పని అయిపోతుంది" అన్నాడు.

కెప్టెన్ ఎలీహుకు ముక్కు మీద కోపం. "అంటే మా అడుగు తప్పు, అమోసుగారి అడుగు ఒప్పూనా? మేం కొయ్యం" అన్నాడు. జబులోను కూడా కొయ్యనన్నాడు. అమోసు మాత్రం తక్కువ తిన్నాడా, చిన్నదైనా మా అడుగే అసలైనదని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి ముగ్గురూ ఒక్క విషయంలోనే ఏకమయ్యారు. కొట్టం కెజీయాది కనుక ఎవరి అడుగు సరైనదో ఆమే చెప్పాలన్నారు.

ఒకరి పేరు చెబితే మిగిలిన ఇద్దరూ బండ్లు తోలుకుని వెళ్ళిపోతారు. ఏ ఊరి పేరూ చెప్పకపోతే మూడు ఊళ్ళూ వెళ్ళిపోతాయి.

ముందుగా ఎలీహు ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మాయీ, మా అడుగే సరైనదని ఒక్క మాట చెప్పు. చలికాలమంతా నీ ఆవులకు ఎండుగడ్డి నేను పంపిస్తాను."

"మీది సరైనదో కాదో నాకు తెలియదు కెప్టెన్ గారూ. తెలియనిది తెలిసినట్టు ఎలా చెప్పమంటారు?" అంది కెజీయా.

తరువాత జబులోను వచ్చాడు. "చెల్లెమ్మా, నీ వెన్నను నా పడవలో పట్నం సంతకు చేరుస్తాను, నీకు మంచి బేరం వస్తుంది. మా అడుగని చెప్పెయ్యి."

"ఆ పడవ నాకోసం వస్తే వెన్న ఇస్తాను అన్నా. అబద్ధం కోసం వస్తే వద్దు" అంది.

చివరికి అమోసు వచ్చాడు. ఆమెకు అసలైన పరీక్ష ఇదే. భర్త చనిపోయాడన్న కబురు వచ్చినప్పుడు ఆమె గుమ్మంలో పొద్దుపోయేదాకా కూర్చున్నవాడు ఈ అమోసే. "తల్లీ, నేనేమీ ఇవ్వను. నా మాట నిలబెట్టు, అంతే" అన్నాడు.

సరే బాబాయ్ అన్న మాట కెజీయా పెదవి దాకా వచ్చింది. ఒక్క మాటతో ఈ పెద్దాయన రుణం తీరిపోతుంది. కాని అది నిజం కాదు. పైగా ఆ మాటతో రెండు ఊళ్ళ బండ్లు వెనక్కి తిరుగుతాయి. ఆమె తల దించుకుంది. ఏమీ తోచక, కంచెకు కట్టి ఉన్న ఎర్రావు దగ్గరకు వెళ్ళి దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

కథల్లో ఆవులు మాట్లాడతాయంటారు. ఈ ఆవు మాట్లాడలేదు. చలికి వణుకుతూ ఆమెకు ఆనుకుని నిలబడింది, అంతే. కెజీయా దాని ముట్టె వైపు చూసింది, తోక వైపు చూసింది. వెంటనే గిద్యోనును పిలిచింది.

"తాతా, ఏ గీతా లేని బద్ద ఒకటి పట్టుకురా."

గిద్యోను తెచ్చాడు. ఆమె ఆవును నిటారుగా నిలబెట్టి, ముట్టె మొదలు తోక దాకా బద్దను ఆనించి, అక్కడ బొగ్గుతో గీత పెట్టింది. ఆ గీత దగ్గర కోయించింది. ఆ బద్దను నేల మీద వేసి కొలిచింది. ఇటు ఒక ఆవు, అటు ఒక ఆవు, నడుమ మేత వెయ్యడానికి తను నడిచే దారి. ఆ తరువాత లేచి నిలబడి మూడు ఊళ్ళకూ వినబడేలా చెప్పింది.

"నా కొట్టానికి ఇంత వెడల్పు చాలు. ఎత్తు కూడా ఈ బద్దతోనే చూద్దాం."

కొలిచి చూస్తే అన్నిటికన్నా పొట్టి కొయ్య, అమోసు తెచ్చినదే, కావలసినదానికన్నా బారెడు ఎక్కువ ఉంది. గిద్యోను పెద్ద కొట్టానికే కొలతలు చెప్పాడు. మూడు ఊళ్ళూ ఎవరి అడుగు నిలవాలని వాళ్ళు పట్టుబట్టారు గాని, ఆవుకు ఎంత కావాలని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అందరూ కోసుకోవలసిందే.

ఎలీహు మీసం మెలేశాడు. "నా పాదం కన్నా ఈ ఆవు గొప్పదా?" అన్నాడు.

"మీ పాదం గొప్పదే కెప్టెన్ గారూ. కాని ఈ కొట్టంలో పడుకునేది మీరు కాదు కదా" అంది కెజీయా.

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. కెజీయా నవ్వలేదు.

"మా ఆయన యుద్ధానికి పోతుంటే, నీ అడుగు ఏ ఊరి అడుగని ఎవరూ అడగలేదు. మూడు ఊళ్ళ వాళ్ళూ కలిసే నడిచారు. మీరు గెలిచి వచ్చారు, ఆయన రాలేదు. నాకు ఏ ఊరి గొప్పా అక్కర్లేదు. ఈ నాలుగు ప్రాణాల మీద ఒక కప్పు ఉంటే చాలు" అంది.

ఎలీహు టోపీ తీసి దుంగ మీద పెట్టాడు. రంపం అందుకుని, తన ఊరు తెచ్చిన అన్నిటికన్నా పొడుగు స్తంభాన్ని తానే కోయడం మొదలుపెట్టాడు. అది చూసి జబులోను కోటు విప్పాడు. అమోసు కెజీయా దగ్గరకు వచ్చి, "నిన్ను అడగరానిది అడిగాను తల్లీ" అని, ఉలి తీసుకుని వెళ్ళి కూర్చున్నాడు.

గిద్యోను ఈసారి పాఠం నేర్చుకున్నాడు. మూడు కొత్త బద్దలను ఆవు బద్దతో కలిపి గట్టిగా కట్టి, నాలుగింటినీ ఒకే కోతలో కోశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఊరికొకటి చేతికిచ్చాడు. తొర్రలు కొత్తగా తొలిచారు, నాలుకలు కొత్తగా చెక్కారు. ఎవరు చెక్కిన దూలం ఎవరి స్తంభంలోకి వెళుతోందో చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. అయినా ప్రతి ఒక్కటీ సుత్తి దెబ్బకు టక్కున కూర్చుంది.

మర్నాటి పొద్దుగూకేసరికి కొట్టం నిలబడింది. చిన్నదే గాని చక్కనిది. కోసిపారేసిన ముక్కలన్నీ పోగేస్తే కెజీయాకు చలికాలానికి సరిపడా కట్టెలయ్యాయి. ఎలీహు ఏమీ అనకుండానే గడ్డి బండి తోలుకువచ్చాడు. ఆ తరువాతి ఉదయం మంచు పడింది. కెజీయా పాలచెంబు పట్టుకుని కొట్టంలోకి వెళితే లోపల వెచ్చగా ఉంది. ఆవులు ఎదురెదురుగా నిలబడి తీరుబడిగా నెమరు వేస్తున్నాయి. ఆమె ఎర్రావు పక్కన కూర్చుని పాలు పితకసాగింది.

అటు తరువాత మూడు ఊళ్ళూ ఆ ఆవు బద్దతోనే కొలిచేవాళ్ళు. ఆ లోయలో ఏ ఇంటి దూలం విరిగినా, ఏ ఊళ్ళో కోసినది తెచ్చినా సరిపోయేదట.

పదిమందీ కలిసి ఒక పని తలపెట్టినప్పుడు కొలవవలసింది చేసేవాళ్ళ గొప్పను కాదు, ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళ అవసరాన్ని.