సొరబుర్రలో గాలి

చింతకొండ నెత్తిన గాలికి తిరిగే పెద్ద చెక్క చక్రం ఉంది. అది తిరిగితే కింద తిరగలి తిరుగుతుంది. ఆ తిరగలి ఎలుగుబంటి నూకాలమ్మది. పళ్లూడిన ముసలి జంతువులకీ, పళ్లు రాని పిల్లలకీ ఆవిడ విసిరిన రాగిపిండి జావే ఆధారం.

ఆషాఢంలో గాలి చక్రాన్ని ఊడబెరికేలా వీచేది. భాద్రపదం వచ్చేసరికి ఆకు కూడా కదిలేది కాదు. ముందే విసిరి పెడదామంటే వానల ముసురుకి పిండి పురుగుపట్టేది. పిల్లల ఆకలి ఏడుపులు వినలేక నూకాలమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది. మళ్లీ సిగ్గేసి తీసేసేది.

ఆ ఏడు నక్క పైడయ్య ఎండిన సొరబుర్రలు మెడకి వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, మిగిలిన గాలిని వీటిలో పట్టి బిరడా పెడతాను. గాలి ఆగినప్పుడు చక్రం ముందు విప్పుతాను. రోజూ కాస్త తేనె పెట్టు చాలు. కాకపోతే నేను పట్టేటప్పుడు చక్రాన్ని కట్టెయ్యాలి. లేకపోతే గాలంతా అదే తినేస్తుంది."

దున్నపోతు అప్పలస్వామి నెమరు ఆపాడు. "వదినా, గాలి బుర్రలో కూర్చోదు. చక్రానికి మోకు కట్టి, లోయలో బండల్ని గట్టుమీదికి లాగిద్దాం. గాలి ఆగాక ఒక్కో బండా దిగుతూ చక్రాన్ని తిప్పుతుంది."

"బండలో గాలి దాస్తాడట!" పైడయ్య నేలమీద పడి దొర్లాడు.

నూకాలమ్మ ఒక బుర్రని చెవి దగ్గర పెట్టుకుంది. లోపల హోరుమంటోంది. బండకి చెవి ఆనించింది. అది ఏమీ అనలేదు. దాంతో చక్రాన్ని కట్టేసింది.

పైడయ్య బుర్రలు గాలికి పట్టేవాడు, తేనె తాగేవాడు, గుర్రుపెట్టేవాడు. అతను నిద్రపోయినప్పుడల్లా అప్పలస్వామి చక్రం విప్పి ఓ బండని పైకి లాగించేవాడు. నూకాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

గాలి ఆగింది. అందరూ ముంతలు పట్టుకుని వచ్చారు. పైడయ్య గొంతు సవరించుకుని మొదటి బిరడా పీకాడు. చక్రం కదల్లేదు. ఇంకోటి పీకాడు. అందులోంచి ఓ చీమ చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇంత ఉక్కపోసే కొంప నేనెక్కడా చూళ్లేదు" అంది.

"గాలి అలిగిందక్కా. ఇంకాస్త తేనె చూపిస్తే..."

నూకాలమ్మ అతని మాట వినిపించుకోలేదు. తలొంచుకుని దున్నపోతు దగ్గరికి నడిచింది. "మరిదీ, నాది బుర్ర కాదు, సొరబుర్ర. బండ దించు."

బండ దిగింది. చక్రం కిర్రుమని కదిలింది. తిరగలి నోట్లోంచి పిండి రాలింది. పళ్లులేని ముసలి కోతి ఏడుస్తూనే జావ తాగింది.

కానీ గాలి ఇంకా రాలేదు, బండలు అయిపోయాయి.

"చక్రం కట్టేసిన రోజులకి బండలెక్కడివి వదినా?" అన్నాడు అప్పలస్వామి.

నూకాలమ్మ పైడయ్య వంక చూసింది. తేనె తాగి తాగి గుండ్రాయిలా ఉన్నాడు.

"తమ్ముడూ, అలిగిన గాలిని నువ్వే బతిమాలాలి. ఈ బుట్టలో కూర్చుని పిలు."

పైడయ్య దర్జాగా కూర్చుని నోరు తెరిచాడు. ఆవిడ బుట్టని మోకుకి తగిలించి ఒక్క తోపు తోసింది. నక్క కేకలు లోయలోకి, పిండి జల్లెడలోకి!

అప్పటికే లోయలోకి దిగిన అప్పలస్వామి కొమ్ములు వంచి నిలబడ్డాడు. "పైకి నడు బావా. ఇంకా కుంచెడు రాగులున్నాయి."

తూర్పుగాలి తిరిగొచ్చేసరికి పైడయ్య కందిపుల్లలా అయ్యాడు. నూకాలమ్మ పిలిచి అతనికీ ఓ ముంతెడు జావ పోసింది. అతను ముంత అడుగుదాకా నాకాడు.

మిగిలింది దాచుకోవాల్సిందే, కానీ ఎవరి పొట్టలో దాస్తున్నామో చూసుకోవాలి.