రెండు చేతులా చదివిన దంగేటి వారు

రామచంద్రపురంలో ఎవరైనా తెలివి గురించి మాట్లాడుకుంటుంటే దంగేటి వారు కాస్త సిగ్గుపడేవారు, తమ గురించే అనుకుంటున్నారని. ఊరి మాట ఎలా ఉన్నా, ఆ ఇంట్లో మాత్రం తెలివి పొంగి పొర్లేది. ఒక్కళ్ళు మొయ్యగలిగే తెలివి కాదది. అందుకే ఒకే ఏడు, ఒకే ఇంట్లోంచి ముగ్గురు లా కాలేజీలో చేరారు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పల్లాలరావు, ఆయన కూతురు నూకరత్నం, ఆయన బావమరిది బుల్లబ్బాయి. ఇక మిగిలింది రత్నం తల్లి అప్పాయమ్మ. "నేనూ చేరిపోతే రేపు మీ దగ్గరికి కేసు తెచ్చేవాళ్ళెవరుంటారు?" అని ఆవిడ ఆగిపోయింది. అదీ తెలివే మరి.

ముగ్గురిలోనూ తానే తెలివైనదాన్నని రత్నానికి గట్టి నమ్మకం. కాంట్రాక్టు చట్టం పేపరు ముగ్గురూ రెండుసార్లు తప్పారు. అయినా ఆ నమ్మకం చెక్కు చెదరలేదు. రెండుసార్లు తప్పడంతో ఆ పుస్తకం ఆమెకి కంఠతా వచ్చేసింది కూడా. రాయడానికి కూర్చోగానే మనసు కిటికీలోంచి వెళ్ళిపోయేది, అదొక్కటే బాధ.

ఊళ్ళో ప్లీడరు వైదేహి గారు రత్నాన్ని పిలిచి, "ఈసారి ఈ పేపరు గట్టెక్కావంటే మా ఆఫీసులో జూనియరు కుర్చీ నీదే" అంది. రత్నం ఆ కుర్చీ చూసొచ్చింది. కిటికీ పక్కన, పేము అల్లికతో, ఎవరూ కూర్చోకుండా ఖాళీగా ఉంది. అది చూసినప్పట్నుంచి ఆ పిల్లకి అన్నం సయించలేదు. ఆ కుర్చీ కావాలి, అంతే.

"మరి మనసు నిలవడం లేదండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

"ఒక్కదానివే కూర్చోకు. ముగ్గురూ కలిసి ఒక నియమం పెట్టుకోండి. కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక అక్షరం తప్పకండి" అంది వైదేహి గారు.

ఇంకేముంది! మర్నాడే స్టాంపు కాగితం వచ్చింది. పల్లాలరావు కళ్ళజోడు సవరించుకుని మొదటి షరతు రాశాడు: ఉదయం అయిదింటికల్లా ముగ్గురూ పుస్తకాలు తెరవాలి. ముగ్గురూ సంతకాలు పెట్టారు. అప్పాయమ్మ సాక్షి సంతకం చేసింది.

"ఇంతకీ సాక్షి పనేంటండీ?" అందావిడ.

"చూడ్డమే. చెయ్యి మాత్రం పెట్టకూడదు" అన్నాడు పల్లాలరావు. "ఆయ్, రైట్ రైట్!" ఏ పని మొదలుపెట్టినా ఆయనకి ఈల ఊదినట్టు అలా అనడం అలవాటు.

తెల్లారి అయిదింటికి అలారం మోగింది. ముగ్గురూ లేచారు. పుస్తకాలు తెరిచారు. తెరిచిన పుస్తకాలు పక్కన పెట్టుకుని ఎనిమిదింటిదాకా హాయిగా నిద్రపోయారు. ఇలా నాలుగు రోజులు నడిచింది. "ఒక్కరోజు తప్పలేదు, చూశావా అక్కా!" అని బుల్లబ్బాయి ఒకటే మురిసిపోయాడు.

"తెరిచారు, బాగానే ఉంది. చదివేదెప్పుడర్రా?" అంది అప్పాయమ్మ.

ముగ్గురూ కాగితం మళ్ళీ చదివారు. నిజమే, చదవాలని ఎక్కడా రాయలేదు. "ఇందులో లొసుగుంది నాన్నా" అని రత్నం పెన్ను అందుకుంది. తెలివైన పిల్ల గదా, ఇక ఎక్కడా సందు దొరక్కుండా రెండో షరతు రాసింది: పుస్తకం మొత్తం చదివేదాకా ఎవరి పుస్తకం వాళ్ళు రెండు చేతులా పట్టుకునే ఉండాలి, తమంతట తాము వదలకూడదు. బుల్లబ్బాయి వెనకబడిపోతానేమోనని బెంగపడితే మూడోది కూడా రాసింది: ముగ్గురూ సమానంగా నడవాలి, ఒకరు పూర్తిచేసేదాకా మిగతావాళ్ళు ముందుకెళ్ళరాదు. చివర్న, షరతులు మార్చాలంటే ముగ్గురూ సంతకం పెట్టాలని రాసి కింద గీత గీసింది. సంతకాలయ్యాయి. ముగ్గురూ పుస్తకాలు పట్టుకున్నారు.

అంతే. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ఆరు చేతులు పనికిరాకుండా పోయాయి. అప్పాయమ్మ ముద్దలు కలిపి ముగ్గురి నోళ్ళలోనూ పెట్టింది. పేజీలు ముక్కుతో తిప్పుకున్నారు. బుల్లబ్బాయికి జలుబు, ఆయన తిప్పిన పేజీ మళ్ళీ విడిపోయేది కాదు. స్నానానికి వెళ్ళి పుస్తకాలు నెత్తి మీదకెత్తి నిలబడితే అప్పాయమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. పల్లాలరావు మీద దోమ వాలితే, "ఒరే బుల్లబ్బాయ్, ఊదరా!" అని అరిచాడు. బుల్లబ్బాయి ఊదాడు. దోమ ఎగిరి బుల్లబ్బాయి మీద వాలింది. "బావా, నువ్వూదు!" పొద్దస్తమానం ఆ దోమని ఇద్దరూ ఒకళ్ళ మీదికొకళ్ళు ఊదుకున్నారు.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు బుల్లబ్బాయే. ఆయన ఒక్కో పేజీ రెండేసి రోజులు చదివేవాడు. మిగతా ఇద్దరూ తమ పేజీ అయిపోయాక ఆయన మొహమే చూస్తూ కూర్చునేవారు. పరీక్ష వారంలోకి వచ్చింది. పుస్తకంలో పన్నెండు అధ్యాయాలైతే ముగ్గురూ మూడో దాంట్లోనే ఉన్నారు.

ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదని వైదేహి గారు స్వయంగా వచ్చింది. సంగతంతా విని నెత్తి పట్టుకుంది.

"ఆ షరతు కొట్టేయండి మహానుభావా!"

"కొట్టెయ్యాలంటే సంతకం పెట్టాలి గదండీ" అన్నాడు పల్లాలరావు. "పెట్టడానికి చెయ్యేదండీ?"

"అసలు జరగని పనికి రాసుకున్న ఒప్పందం చెల్లనే చెల్లదయ్యా! చట్టమే చెబుతోంది." ఆవిడ అక్కడే నిలబడి అరగంటసేపు వివరించింది.

ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. బుల్లబ్బాయి వినయంగా అన్నాడు: "అది ఆరో అధ్యాయం గదండీ. మేమింకా మూడులో ఉన్నామండీ."

పరీక్ష రోజున ముగ్గురూ పుస్తకాలతోనే హాలు గుమ్మం దాకా వెళ్ళారు. ఇన్విజిలేటరు ఉగ్రుడైపోయి మూడు పుస్తకాలూ లాక్కుని వాచ్‌మన్‌కి అప్పగించాడు. "మనం వదల్లేదు, ఆయనే లాక్కున్నాడు. షరతు తప్పలేదు!" అని ముగ్గురూ సంబరపడ్డారు. చేతులు తేలిగ్గా ఉన్నాయి. రత్నం కూర్చుని ప్రశ్నపత్రం చూసింది. మొదటి ప్రశ్న: చెల్లని ఒప్పందాలు ఏవి? వివరింపుము.

రత్నం ఒళ్ళు పులకరించింది. గడగడా నాలుగు పేజీలు రాసేసింది. జరగని పనికి రాసుకున్న ఒప్పందానికి ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదని కింద గీత కూడా గీసింది. మిగతా నాలుగు ప్రశ్నలూ వచ్చినవే. కుర్చీ కళ్ళ ముందు కనబడింది. రెండో ప్రశ్న నెంబరు వెయ్యబోతూ పక్క వరసలోకి చూసింది. మావయ్య ఇంకా మొదటి ప్రశ్నలో, రెండో వాక్యంలో ఉన్నాడు. నాన్న అప్పుడే మూడో షరతు ప్రకారం పెన్ను మూసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రత్నానికి ఏడుపొచ్చినంత పనైంది. జవాబులన్నీ వేళ్ళ చివర్న నిలబడి ఉన్నాయి. తను ఇప్పుడే రాసింది మళ్ళీ చదువుకుంది. 'ఇందులో అడిగింది ఊళ్ళో ఒప్పందాల గురించి, మా ఇంటి ఒప్పందం గురించి కాదు గదా' అనుకుని పెన్ను మూసేసింది. చివరి గంట మోగుతుండగా బుల్లబ్బాయి మొదటి జవాబుకి చుక్క పెట్టి, ఇద్దరి వైపూ చూసి నవ్వాడు.

బయట గేటు దగ్గర వైదేహి గారు ఎదురుచూస్తోంది. జరిగిందంతా విని నుదురు కొట్టుకుంది. తర్వాత రత్నం మొహం చూసి జాలిపడింది. "సరే, పోయింది పోయింది. మూడు నెలల్లో మళ్ళీ పరీక్షుంది. అప్పటిదాకా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వను. కానీ నువ్వొక్కదానివే చదవాలి. ఈ దిక్కుమాలిన ఒప్పందం ఇక్కడే, ఇప్పుడే రద్దు!" అని సంచీలోంచి కాగితం తీసి అక్కడికక్కడే రద్దు పత్రం రాసింది. "అదృష్టం, మీ చేతులు ఖాళీగా ఉన్నాయి. పెట్టండి సంతకాలు!"

"ఆయ్, రైట్ రైట్!" అన్నాడు పల్లాలరావు. రత్నానికి ప్రాణం లేచొచ్చింది. మూడు నెలలు, ఒక్క సంతకం, ఆ తర్వాత కుర్చీ. పెన్ను కోసం చెయ్యి చాపింది.

అప్పుడే వెనకనుంచి వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మాయిగారూ! మీ పుస్తకాలు మర్చిపోయారండీ!"

"అయ్యో, చచ్చాం, గుర్తే లేదు!" అంది రత్నం. ముగ్గురిలోనూ తెలివైంది గదా, అందరికంటే ముందు తానే గిరుక్కున తిరిగి పుస్తకం అందుకుంది. రెండు చేతులా.