ఊ కొట్టే రాజకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పడుకునే ముందు ఒక కథ వినకపోతే ఆయనకు కంటిమీద కునుకు రాదు. అలాంటి రాజు ఏలే కుంతిపురంలో ఉన్నట్టుండి కథలన్నీ మాయమైపోయాయి. కవులు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు. అవ్వలు "అనగనగా" అని అక్కడే ఆగిపోతారు. నిద్రలేక రాజు చిక్కి సగమయ్యాడు. వైద్యులు చేతులెత్తేశారు.

"కథలు ఎక్కడో ఊటలో పుడతాయట. ఆ నీళ్ళు తెచ్చినవాడే నన్ను బతికిస్తాడు," అన్నాడు రాజు.

పెద్దవాడు బంగారు బావి నీళ్ళు తెచ్చాడు. రాజు తాగాడు. కథ రాలేదు, జలుబు వచ్చింది. రెండోవాడు వెండికొండ వాగు నీళ్ళు తెచ్చాడు. రాజు అవీ తాగాడు. కథ రాలేదు, జలుబుకు దగ్గు తోడైంది.

మూడోవాడు సోమకేతుడు. వాడికి కత్తిసాము రాదు, గుర్రపుస్వారీ అంతంతమాత్రం. వచ్చిందల్లా ఎవరేం చెప్పినా ఒళ్ళంతా చెవులు చేసుకుని ఊ కొట్టడమే. నాన్న దక్కడేమోనన్న దిగులుతో వాడూ బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు, అలల్లో తప్పిపోయిన తన పిల్లల సంగతి చెప్పుకుంది. వాడు చివరిదాకా ఊ కొట్టాడు. ఇన్నాళ్ళకు నా గోడు వినేవాడు దొరికాడని అది వాణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. అవతలి దీవిలో ఒక కొంగ తన ఆకలి సంగతి చెప్పుకుంది. ఊ కొట్టాడు. అది మాంత్రికుడి కోటకు దారి చూపింది. కోటలో చెరపడ్డ రాజకుమారి కలువరేఖ తన కష్టం చెప్పుకుంది. ఊ కొట్టాడు. ఆమె గుట్టు విప్పింది.

ఊరూరా కథలు దొంగిలించి మాంత్రికుడు ఒక చిలకలో దాచాడట. వాడి ప్రాణమూ ఆ చిలకలోనే ఉందట. చిలకను చంపితే వాడితోపాటు కథలూ పోతాయి. రోజూ కథ చెప్పమని దాన్ని బెదిరిస్తాడు కానీ, గర్వంకొద్దీ ఊ మాత్రం కొట్టడు. అందుకే చిలక మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది.

సోమకేతుడు పంజరం ముందు కూర్చున్నాడు. చిలక "అనగనగా" అంది. వీడు ఊ అన్నాడు. కథ కదిలింది. అలికిడికి మాంత్రికుడు కత్తి దూసి వచ్చాడు. అప్పటికి కథలో పెద్దపులి నోరు తెరిచి ఉంది. వాడి చెయ్యి ఆగిపోయింది. తరవాత ఏమైందన్నాడు. చిలక నోరు మూసుకుంది.

"ఊ కొడితేనే చెబుతుంది," అన్నాడు సోమకేతుడు.

మాంత్రికుడు గొణిగినట్టు ఊ అన్నాడు. ఇంకో ఊ కొట్టాడు. వింటూ వింటూ మంత్రాలన్నీ మరిచిపోయాడు. వాడి ప్రాణం తిరిగి వాడి గుండెలోకి వచ్చేసింది. చిన్నప్పుడు తనకెవరూ కథ చెప్పలేదని భోరున ఏడ్చాడు.

పంజరం తలుపు తీస్తే చిలక ఎగిరిపోయింది. ఏ ఊరి కథ ఆ ఊరికి అప్పగించి, కుంతిపురానికి ఆఖరున వస్తానంది. అన్నాళ్ళు నాన్న ఆగుతాడా? సోమకేతుడు భయపడుతూ కలువరేఖతో ఇల్లు చేరాడు.

"ఊట నీళ్ళేవి నాయనా?" అన్నాడు రాజు నీరసంగా.

"నీళ్ళు లేవు నాన్నగారూ. దారిలో విన్నవన్నీ తెచ్చాను."

వాడు మంచం పక్కన కూర్చుని జీవితంలో మొదటిసారి తానే చెప్పడం మొదలుపెట్టాడు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు..."

రాజు ఊ అన్నాడు. తాబేలు దగ్గర ఊ అన్నాడు. చిలక దగ్గరికి వచ్చేసరికి గురక పెట్టాడు.

లేచాక ఆయన చేసిన మొదటి పని సోమకేతుడికీ కలువరేఖకూ పెళ్ళి. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. ఎవరు ఏ గోడు చెప్పుకోవడానికి వచ్చినా కూర్చోబెట్టి విన్నారు. చిలక పాత కథలు తెచ్చేలోపే, ఆ విన్న గోడులోంచి కుంతిపురం కవులకు మళ్ళీ కథలు పుట్టాయి.

ఇంతసేపూ మీరు ఊ కొట్టారు కనక ఇది నా నోట నడిచింది. ఇక మీరు చెప్పండి, నేను ఊ కొడతాను.