దివ్వెలకొండ తలుపు

“వసుకీర్తీ! ఓ వసుకీర్తీ! ఒక్క మాట విని పో! మావాళ్లు...”

దివ్వెలకొండ కోట గుమ్మంలోంచి మందారవల్లి అలా పిలుస్తుండగానే పెద్ద తలుపులు ధడాలున మూసుకుపోయాయి. వసుకీర్తి గుర్రమ్మీంచి దూకి పరుగెత్తాడు. తలుపు సందులోంచి చూస్తే ఏముంది! అమ్మాయి రాయైపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

మావాళ్లు... ఏమిటి? పెళ్లికి ఒప్పుకున్నారనా? నిన్ను చంపుతారు, పారిపొమ్మనా? ఆ సగం మాట అతని గుండెలో ముల్లులా దిగిపోయింది.

ఇది తాబేళ్లకు మాటలొచ్చిన రోజుల నాటి సంగతి పిల్లలూ. ఆ కొండ కొసన ఒక దివ్వె ఉండేది. నూనె లేదు, వత్తి లేదు, దానంతటదే వెలిగేది. గాలికి ఆరదు, వానకి ఆరదు. దాన్ని చూసినవాళ్లు ఎంతటివాళ్లయినా సరే, చెప్పులు విడిచి, మాటలు మరిచి, చిన్నపిల్లల్లా నిలబడిపోయేవాళ్లు. వసుకీర్తి, మందారవల్లి ఒకరినొకరు తొలిసారి చూసుకున్నది కూడా ఆ వెలుగులోనే.

వసుకీర్తి తూర్పు రాజుకి మూడో కొడుకు. మందారవల్లి పడమటి రాజుకి ఒక్కతే కూతురు. ఇక ఆ కొండ మీది ఊరి కోసం రాజుల తగువు చూడండి. “ఇక్కడ తొలి రాయి వేసింది మా పెద్దలు” అంటాడు తూర్పు రాజు. “కాదు, మా పెద్దలు” అంటాడు పడమటి రాజు. “మీరిద్దరూ పుట్టకముందే మా పెద్దలు” అంటాడు దక్షిణపు రాజు. చివరికి ముగ్గురూ సైన్యాలతో వచ్చి కొండ కింద దిగారు. అప్పుడే జటాలుడనే మాంత్రికుడు పొగలోంచి లేచాడు. “ఎవరిదో తేలని ఊరు నాది!” అని మంత్రదండంతో కొండని కొట్టాడు. తలుపులు మూసుకున్నాయి. లోపలివాళ్లు, దివ్వె చూడ్డానికి వెళ్లిన మందారవల్లితో సహా, రాళ్లయ్యారు. దివ్వె మిణుగురంత అయిపోయింది.

వసుకీర్తి పెద్దన్న ఏనుగులతో తలుపు పొడిపించాడు. ఏనుగుల దంతాలు విరిగాయి గానీ తలుపు కదల్లేదు. చిన్నన్న తమవాళ్ల తొలి రాయి చూపించి తీరతానని పునాదులు తవ్వించాడు. రాయి కింద రాయి, దాని కింద ఇంకో రాయి, దాని కింద ఇంకోటి. ఏ రాయి మీదా ఎవరి పేరూ లేదు. గోతిలోకి తొంగిచూసి, భయమేసి వెనక్కొచ్చేశాడు.

“ఇక నేను వెళ్తాను” అన్నాడు వసుకీర్తి.

“ఊరి కోసమా తమ్ముడా, పిల్ల కోసమా?” అని నవ్వారు అన్నలు.

ఆ తవ్వకం మట్టిలో ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. వసుకీర్తి దాన్ని బోర్లా తిప్పాడు.

“బతికించావు నాయనా. ఊరెవరిదని అందరూ అరుస్తారు. నా ఇల్లు తవ్వి పారేస్తే మాత్రం అడిగే దిక్కు లేదు!” అంది తాబేలు. “నా వీపెక్కు. ఏడు సముద్రాల అవతల ఓ చిలక ఉంది. జటాలుడు తన ప్రాణం దాన్లో దాచాడు.”

ఎన్నెన్ని నీళ్లు దాటారనీ! ఒక సముద్రం పాలలా తెల్లగా ఉంది. ఒక సముద్రంలో అలలే లేవు, చుక్కలన్నీ అడుగున పరుచుకున్నాయి. ఒక సముద్రం నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు లేస్తూ పడుతూ ఉంది. ఏడోది దాటాక దీవి, దీవిలో పంజరం, పంజరంలో పచ్చని చిలక.

వసుకీర్తి దాని మెడ పట్టుకున్నాడు.

“నొక్కవయ్యా, నొక్కు” అంది చిలక. “నేను పోతే వాడూ పోతాడు. రేపు మీ పెద్దవాళ్లు మళ్లీ కత్తులు దూస్తారు, ఇంకో జటాలుడు లేస్తాడు. మీ తగువే వాడి తిండి. ఎవరూ పైకి ఒప్పుకోని నిజం నా గొంతులో ఉన్నంతకాలమే వాడి ప్రాణం. నేను ఆ కొండ మీది చిలకని. మొదట ఎవరొచ్చారో విన్నదాన్ని. వింటావా?”

విన్నాడు. విని, చెయ్యి వదిలేసి, దాన్ని భుజమ్మీద కూర్చోబెట్టుకుని వచ్చేశాడు.

ముగ్గురు రాజుల ముందు చిలక నోరు విప్పింది. మొదట గాలి చప్పుడు. ఆ గాలిలో దివ్వె ఒంటరిగా వెలుగుతున్న చిన్న హోరు. మనుషులు లేనప్పటి కొండ అది. సైనికులు చెప్పులు విడిచారు. తరవాత ఒక గొంతు: “ఎవరైనా ఉన్నారా? కాస్త చోటిస్తారా?” జవాబుగా రెక్కల చప్పుడొక్కటే. తరవాత రెండో గొంతు: “చోటిస్తారా?” లోపల్నించి “రండి” అని జవాబు. చివరికి మూడో గొంతు, వణుకుతూ: “దారి తప్పాం తల్లీ, పిల్లలు ఏడుస్తున్నారు. కాస్త చోటిస్తారా?” మళ్లీ అదే జవాబు: “రండి, రండి.”

“అబద్ధం!” అన్నారు రాజులు.

జటాలుడు పగలబడి నవ్వాడు. “పిట్ట కూతలు ఎవడు నమ్ముతాడురా అబ్బాయీ!”

వసుకీర్తి తండ్రి వైపు తిరిగాడు. “నాన్నగారూ, మీరూ నమ్మరా?”

తూర్పు రాజు చేతిలో కత్తి జారింది. “ఆ మూడో మాట... మా తాత పోతూ పోతూ నా చెవిలో చెప్పాడు నాయనా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. అందరికన్నా చివర వచ్చింది మనమే. అడిగి వచ్చాం.”

అంతే! జటాలుడు వానలో మట్టిబొమ్మలా కరిగిపోయాడు. చిలక ఎగిరిపోయి దివ్వె పక్కన వాలింది. దివ్వె భగ్గున లేచింది.

తరవాత ఆ వెలుగులోనే వసుకీర్తికీ మందారవల్లికీ పెళ్లయింది. జుట్లు నెరిసేదాకా చల్లగా ఏలారు. అప్పట్నించీ రాజైనా సరే, ఆ కోట గుమ్మం దగ్గర ఆగి “చోటిస్తారా?” అని అడగాల్సిందే, లోపలివాళ్లు “రండి” అనాల్సిందే. తాబేలు కూడా అలాగే అడిగి లోపలికొచ్చింది. కానీ నా కళ్లకి ఎప్పుడూ కట్టేది ఆ పెళ్లి కాదు, తలుపులు తెరుచుకున్న ఆ క్షణం.

రాతి పెదవులకి మెల్లగా రంగొచ్చింది. ఎత్తిన చెయ్యి దిగింది. ఎదురుగా కన్నతండ్రి, చేతిలో ఇంకా దించని కత్తి. మందారవల్లి ఆయన్నే చూస్తూ, ఆగిపోయిన మాటని అందరికీ వినపడేలా పూర్తి చేసింది.

“మావాళ్లు ఇక్కడికి చోటడిగే వచ్చారు వసుకీర్తీ. మా అమ్మమ్మ చెప్పింది. నాన్నగారికీ తెలుసు.”