చెలమ దగ్గర మూడు రాళ్లు

అనగా అనగా ఒక అడవి. ఆ ఏడాది ఎండలకి వాగు పూర్తిగా ఎండిపోయింది. ఏనుగమ్మ ఇసుకలో గొయ్యి తవ్వి చెలమ చేసింది. ఆ చుట్టుపక్కల ఉన్న పన్నెండు జంతువులకీ అదే దిక్కు.

"ముగ్గురు తాగాక నీళ్లు మళ్లీ ఊరాలి. ఎక్కువమంది ఒకేసారి వస్తే గట్టు కూలుతుంది. నాలుగు వంతులు పెట్టుకోండి. దగ్గరివాళ్లు ముందు, దూరంవాళ్లు తర్వాత" అంది ఏనుగమ్మ.

"ఆ పని నాకొదిలెయ్ అత్తా!" అన్నాడు కోతి గంతులయ్య. అన్నిట్లోనూ ఆయనగారే ముందుండాలి మరి! చెలమ నుంచి కొండ దాకా దారిని కొలిచాడు. మూడు రాళ్లు పెట్టి దారిని నాలుగు సమాన ముక్కలు చేశాడు.

"మొదటి రాయికి ఇవతల ఉన్నవాళ్లంతా తెల్లారగానే రండి!" అని చాటాడు.

అయ్యో రామా! వాగు ఒడ్డు పొదల్లోనే ఎనిమిది మంది ఉన్నారు. అందరూ బిలబిలా వచ్చిపడ్డారు. కుందేలు తోసింది, నక్క తొక్కింది, అడవిపంది ఏకంగా చెలమలోకే దిగింది. గట్టు కూలి చెలమ పూడిపోయింది.

రెండో వంతుకి లేడి తన పిల్లతో వచ్చింది. పాపం, పిల్ల తడి ఇసుకని నాకి నాకి కూలబడింది.

"నేను దారిని సరిగ్గానే పంచాను!" అన్నాడు గంతులయ్య.

లేడికి కడుపు మండిపోయింది. "దారినే పంచావు అన్నా. నీళ్లు తాగేది దారి కాదు, మేము!"

 గంతులయ్య పిల్ల ఎండిన నాలుక చూశాడు. "తప్పు నాదే చెల్లీ" అని ఇసుక తోడటానికి పరుగెత్తాడు. ఏనుగమ్మ కూడా తొండంతో తోడింది. ఊరిన మొదటి నీళ్లు లేడిపిల్లకే!

తర్వాత గంతులయ్య అందరినీ ఇళ్ల దూరం ప్రకారం వరసగా నిలబెట్టాడు. ముగ్గురు ముగ్గురిగా విడదీశాడు. దారి మీద ఒక గుంపు ఇళ్లు అయిపోయి ఇంకో గుంపు ఇళ్లు మొదలయ్యే చోట్లకే తన రాళ్లు జరిపాడు. రెండు రాళ్లు చెలమ పక్కనే పడ్డాయి, మూడోది ఎక్కడో దూరాన పడింది. అయితేనేం, ప్రతి వంతులోనూ ముగ్గురే! వరసని ఇలా నాలుగు సమాన గుంపులుగా విడదీసే హద్దుల్నే పిల్లలూ, లెక్కల్లో చతుర్థాంశాలు అంటారు.

సాయంత్రం కొండ మీది మనుబోతు అందరికన్నా చివర వచ్చింది. చెలమ నిండుగా, తేటగా ఉంది. కడుపారా తాగింది.

నీతి: పంచేముందు ఎవరు ఎక్కడ ఉన్నారో చూడు, కొలత సమానమైనంత మాత్రాన పంపకం సమానం కాదు.