సున్నా మీది ముల్లు

లింగాచారిగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు రాదు, సంచి ఆయన భుజానికెక్కుతుంది. "పద," అంటారు, అంతే. ఎక్కడికి, ఎందుకు అని ఆరా తీసి లాభం లేదని ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. అమలాపురం గడియారస్తంభం వెనక సందులో ఉండేది ఆయన కొట్టు. ఆ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో బీపీ మిషను గాలి నిలపకపోయినా, ఆపరేషన్ గదిలో దీపం మొరాయించినా ఆయనకే కబురొచ్చేది. తెరల మీద అంకెలు వెలిగే మిషన్లు ఇంకా ఆ ఊరి మొహం చూడని రోజులవి.

ఆయన శిష్యుల్లో అబ్బులు చెయ్యి మంచి చెయ్యి. ముప్పై ఏళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు, ఒక్కడూ వెళ్ళి పని చేసుకురాగల స్థితికి వచ్చినవాడు. అటువంటివాడు ఒక పొద్దున్న కళ్ళు పీక్కుపోయి కొట్టుకొచ్చి, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, గురువుగారి ముందు నిలబడ్డాడు.

"గురువుగారండీ, కాటా నిజమే చెబుతోంది. తల్లీ నిజమే చెబుతోంది. మరి అబద్ధం ఎక్కడుందండీ?"

జరిగింది ఇదీ. ఆ ఊళ్ళోనే ఒక పిల్లల నర్సింగ్ హోమ్ ఉంది. వారం కిందట అబ్బులు అక్కడికి కఫం లాగే సక్షన్ మిషను చూడ్డానికి వెళ్ళాడు. పని అయిపోయి సంచి సర్దుకుంటుంటే పసిపిల్లల్ని తూచే ముల్లు కాటా కంటబడింది. పళ్ళెం ఖాళీగా ఉంది. ముల్లు మాత్రం సున్నా దాటి రెండు గీతలు ముందుకెళ్ళి కూర్చుంది. గీతకి వంద గ్రాములు. అంటే ఏ బిడ్డని పడుకోబెట్టినా రెండు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తుందన్నమాట. అబ్బులు ప్రాణం ఊరుకోలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్క్రూకి చుక్క నూనె వేసి, ఓపిగ్గా కదిపి, ముల్లుని సున్నా మీదకి తెచ్చాడు. గదిలో పెద్దవాళ్ళెవరూ లేరు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరికీ చెప్పలేదు. మంచి రిపేరంటే అక్కడ మన చెయ్యి పడినట్టే కనబడకూడదని లింగాచారిగారు చెప్పిన మాట తలుచుకుని, తనలో తను మురిసిపోతూ వచ్చేశాడు.

ఆ మర్నాటి నుంచి ఆ గదిలో ఉన్న బిడ్డ బరువు తగ్గిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లవాడు. తల్లి పేరు నూకరత్నం. పద్దెనిమిది వందల గ్రాములు దాటితే ఇంటికి పంపిస్తామని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ లెక్కకి ఇంకాస్త దూరంలో ఉన్నవాడు రాత్రికి రాత్రి రెండు వందలు కరిగిపోయాడు. పాలు పెంచారు, సెలైను పెట్టారు, రక్తం పరీక్ష చేయించారు. రోజులు గడిచినా సిస్టరుగారు చెప్పే బరువు పదహారు వందల దగ్గరే ఆడుతోంది. పుట్టినప్పుడు వేరే ఆస్పత్రిలో తూచిన బరువు కూడా అంతే. అంటే బిడ్డ పుట్టిననాటి నుంచీ ఎదగనేలేదు. ఎందుకైనా మంచిదని కాటా చూడమంటూ నిన్న సాయంత్రం డాక్టరుగారు అబ్బులుకి కబురు పెట్టారు. అబ్బులు ఇత్తడి తూనికరాళ్ళు ఒక్కొక్కటే పెట్టి ఆయన కళ్ళముందే చూపించాడు. ముల్లు పిసరంత కూడా తేడా రాలేదు.

ముల్లు సరిచేసింది తనేనన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే, ఇన్నాళ్ళూ తప్పుడు బరువులు చూసి పిల్లల్ని ఇళ్ళకి పంపేశారని డాక్టరుగారిని అన్నట్టవుతుంది. అసలు నిన్ను ముట్టుకోమన్నదెవరయ్యా అంటే సమాధానం లేదు. మాట మింగేశాడు. "కాటాలో లోపం లేదండి," అన్నాడు. అయితే రేపు పొద్దున్నే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపొమ్మని డాక్టరుగారు చెప్పేశారు. బయటికొస్తుంటే వరండాలో నూకరత్నం ఆపింది.

"బాబూ, నీ కాటా సరిగ్గానే చూపిస్తందా? పిల్లాణ్ణి ఎత్తుకుంటే నా చెయ్యి లాగేత్తంది. మొన్నటిదాకా రెండు చుట్లు తిరిగిన చొక్కా ఇప్పుడు ముడి అందట్లేదు. ఇంత పాలు తాగేవోడు చిక్కిపోతాడా?"

"సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు అబ్బులు. ఆ మాట విని ఆవిడ తన చేతుల వంక చూసుకుంది, అవే అబద్ధం చెప్పినట్టు. రాత్రంతా అతనికి ఆ మొహమే కళ్ళలో మెదిలింది.

ఇదంతా విని లింగాచారిగారు సంచి భుజానికి తగిలించుకున్నారు. దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి కిలో పంచదార పొట్లం కట్టించుకున్నారు. బిడ్డ ప్రాణం గాల్లో దీపంలా ఉంటే ఈయనకి పంచదార ఏమిటో అబ్బులుకి బోధపడలేదు. గురువుగారి మీద మొదటిసారి చిరాకు కూడా వేసింది.

నర్సింగ్ హోమ్ ముందు కారు ఆగి ఉంది. నూకరత్నం మొగుడు డిక్కీలో మూటలు సర్దుతున్నాడు. లోపల సిస్టర్ సువార్తమ్మ బిడ్డకి ప్రయాణానికని బట్టలు చుడుతోంది. ఆ గదిలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి, ఎందరు బిడ్డల్ని తూచిందో లెక్కే లేదు. లింగాచారిగారు కాటా వంకైనా చూడలేదు. పొట్లం ఆవిడ చేతికిచ్చారు.

"సిస్టరుగారూ, ఆ కొట్టువాడి మీద నాకు అనుమానమమ్మా. కాస్త తూచి పెడతారా?"

ఆవిడ విసుక్కోబోయి, పెద్దాయన మొహం చూసి ఊరుకుంది. పొట్లం పళ్ళెంలో పెట్టి, ముల్లు వంక ఒక్క చూపు చూసి, "ఎనిమిది వందలేనండి. మిమ్మల్ని బాగానే ముంచాడు," అంది.

అబ్బులు తొంగిచూశాడు. ముల్లు సరిగ్గా కిలో మీద ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కిలో మీదే ఉంది. నోరు తెరవబోతే గురువుగారి చెయ్యి భుజం మీద పడింది.

"ముల్లు ఎక్కడుందమ్మా?" అన్నారు లింగాచారిగారు, మెల్లిగా.

"కిలో దగ్గరండి."

"మరి ఎనిమిది వందలన్నారు?"

"ఈ కాటాకి ఎప్పుడూ రెండు వందలు తీసెయ్యాలి కదండీ. నేను కొత్తగా చేరినప్పటి నుంచీ..." సువార్తమ్మ మాట సగంలో ఆగింది. పొట్లం పక్కకి తీసి ఖాళీ పళ్ళెం వంక చూసింది. ముల్లు సున్నా మీద నిలబడి ఉంది. ఆవిడ అబ్బులు వైపూ, కాటా వైపూ చూసి, ముల్లు మీది అద్దాన్ని వేలితో తట్టింది.

డాక్టరుగారొచ్చారు. అబ్బులు ఈసారి మాట మింగలేదు, అంతా చెప్పాడు. బిడ్డని మళ్ళీ పళ్ళెంలో పడుకోబెట్టారు. "పదహారు..." అంటూనే సువార్తమ్మ నాలిక కరుచుకుంది. డాక్టరుగారే వంగి చూశారు. ముల్లు పద్దెనిమిది వందలు దాటి ఉంది. ఆయన వరండాలోకెళ్ళి కారు పంపించెయ్యమన్నారు. వచ్చాక అబ్బులు వంక ఒక్కసారి చూసి, కాగితం మీద బిడ్డ బరువు కొట్టేసి దిద్ది రాశారు. నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదని అబ్బులుకి అనిపించింది. వరండాలో నూకరత్నం ఏడుపు వినబడుతోంది. ఇంటికి పంపిస్తామన్నా ఏడుస్తూనే ఉంది.

"నా కన్ను నా మాట వినట్లేదండీ," అంది సువార్తమ్మ దిగులుగా. "తియ్యకూడదని తెలిశాక కూడా తీసేసింది చూశారా."

లింగాచారిగారు సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశారు. కాటా ముందు వంగి, ముల్లుని మళ్ళీ రెండు గీతలు ముందుకి జరిపేశారు.

అబ్బులు నిర్ఘాంతపోయాడు. "అదేంటండీ, బాగున్నదాన్ని పాడుచేశారు?"

"అయితే బాగుచెయ్యి," అని స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టారు ఆయన. అబ్బులు ఆత్రంగా వంగాడు. లింగాచారిగారు స్క్రూ మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "అక్కణ్ణుంచి కాదు."

మరెక్కణ్ణుంచో అబ్బులుకి తోచలేదు. కాటాకి ఉన్నది ఆ ఒక్క స్క్రూ. కాటా వెనక్కి చూశాడు, కిందికి చూశాడు. ఎటూ తోచక తలెత్తితే సువార్తమ్మ కనబడింది, బిడ్డ చొక్కాకి అందని ముడి వేస్తూ. అబ్బులు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, ఆవిడ దగ్గరికెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"సిస్టరుగారండీ, ఈ ముల్లు సున్నా మీద పెడదామనుకుంటున్నానండి. మీరేమంటారు?"

"ఇవాళొద్దు బాబూ," అంది ఆవిడ. "ఈ బిడ్డ ఇంటికెళ్ళనీ. ఈ గదిలో పసివాళ్ళెవరూ లేని రోజు చూసి నేనే కబురు చేస్తాను. మిగతా నర్సుల్ని కూడా పిలిచి కూర్చోబెడతాను. అప్పుడు అందరి ముందూ తిప్పుదువుగాని."

తప్పుగా ఉన్న కాటాని అలాగే వదిలేసి రావడానికి అబ్బులుకి కాళ్ళు రాలేదు. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి చూశాడు. సందు మలుపు తిరిగాక ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారండీ, కాటా బాగున్నప్పుడు బిడ్డని కాకినాడ పంపబోయారు. పాడైపోయాక బిడ్డ ఇంటికెళ్తున్నాడు. నాకు మతిపోతోందండీ. ఇంతకీ నేను చేసింది రిపేరేనా, కాదా?"

లింగాచారిగారు పంచదార పొట్లం అతని చేతికిచ్చి, సంచి రెండో భుజానికి మార్చుకున్నారు.

"నువ్వింకా మొదలుపెట్టలేదురా," అన్నారు. "సిస్టరు పిలవనీ."