అతుకు పక్కన

జగ్గారావు మేస్త్రీకి ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. పెళ్ళయిన కొత్తలో 'కూరేం వండమంటారు?' అని అడిగిన భార్య ఇప్పటికీ జవాబు కోసం ఎదురుచూస్తోందని పేటలో చెప్పుకుంటారు. గ్యాసు నింపే ఇనప గోళాలు చేయడంలో మాత్రం ఆ చుట్టుపక్కల ఆయన తరవాతే ఎవరైనా.

గంగునాయుడు ఆయన శిష్యుడు. భార్య అచ్చియ్యమ్మ పోయినప్పుడు అతను ఏడవలేదు. ఆమె ఫోటో, చీరలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇంట్లో ఆమె పేరు ఎత్తొద్దన్నాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు ఎదురుగా 'ఎంత నిబ్బరం!' అన్నారు, గుమ్మం దిగి 'రాయి' అన్నారు. కూతురు హైమ మొదట అమ్మ మాట ఎత్తడం మానేసింది. తరవాత అసలు మాట్లాడటమే మానేసింది. ఒకే గిన్నెలోని అన్నం వడ్డించుకుని తండ్రీ కూతుళ్ళు చెరో గదిలో తింటున్నారు. ఇప్పుడు సోమవారం హాస్టలుకు పోతానంటోంది.

"దానికోసమే కదా మేస్త్రీ, గట్టిగా నిలబడ్డాను? నేను బాగానే ఉన్నాను. పిల్లెందుకు ఇలా అయిపోతోంది?" అని అడిగాడు ఆ పొద్దున, హాస్టలు సంగతి చెప్పి.

"ముందు గోళంలోకి నీళ్ళు పట్టు" అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు ఒక చిన్న గోళాన్ని నీటి ఒత్తిడితో పరీక్షించాలి. దాని మీద ఒకచోట గీత పడిందని, ఎవరూ చెప్పకుండానే గంగునాయుడు అక్కడ మందపాటి ప్లేటు వేసి చుట్టూ వెల్డింగు చేశాడు. మేస్త్రీ అది చూసి పంపు వైపు నడిచాడు.

పంపు కొట్టడం మొదలైంది. టీకొట్టు నూకరాజు అప్పటిదాకా గోళాల గురించి అందరికీ పాఠం చెప్పి, అందరికంటే ముందు ఇసక బస్తాల వెనక చేరాడు. మీటరు ముల్లు పైకి పాకుతోంది. గంగునాయుడు తన ప్లేటు మీంచి చూపు తిప్పలేదు. లోపల నీళ్ళు నెడుతుంటే పల్చటి గోడ వెంట్రుకవాసి సాగుతుంది. ప్రతి జానెడు రేకునీ చుట్టూ ఉన్న రేకే సమానంగా లాగుతుంది, అదే పట్టుకుంటుంది. ఆ సంగతి అతనికి తెలియంది కాదు.

టిక్కుమంది. ప్లేటు అంచు వారన సన్నని నీటి పోగు చిమ్మింది.

ఒత్తిడి దించాక గంగునాయుడు వెళ్ళి తడిమాడు. ప్లేటు పొడిగా ఉంది. దాని పక్కన, ఏ గీతా లేని రేకులో నెర్రె. వేలు తడిసింది.

"గీత ఉన్నచోట ఏమీ కాలేదు మేస్త్రీ. మంచి రేకు పగిలిందేం?"

"గోడంతా కలిసి సాగాలి గంగూ. నువ్వొకచోట సాగనివ్వలేదు. ఆ లాగుడంతా పక్కదాని మీద పడింది."

గంగునాయుడు తడి వేలు లుంగీకి తుడుచుకోబోయి, మళ్ళీ ప్లేటు అంచు వెంట తడిమాడు.

"అయితే ఇప్పుడు పక్కన కూడా ఇంకో ప్లేటు వెయ్యమంటారా?" అన్నాడు.

మేస్త్రీ పంపు గొట్టం చుట్టుకుంటూ అన్నాడు:

"పక్కదాని తప్పేముంది? నువ్వు వేసింది తీసెయ్. సోమవారం లోపు."